పోపు డబ్బాలో చెంచా

ఫోన్‌లో ఆ ఫోటో చూడగానే ప్రణవి చేతిలో ముద్ద వదిలేసింది. గన్‌ఫౌండ్రీలో ఆఫీసు, మధ్యాహ్నం, ఎదురుగా టిఫిన్ డబ్బా. ఇంకో ముద్ద ఎక్కడ దిగుతుంది!

ఇంట్లో బీరు చేసి, రుచి కుదిరాక, ఆ తయారీ మొత్తం నెట్‌లో పెట్టింది ఈ పిల్ల. సాఫ్ట్‌వేర్ వాళ్ల పద్ధతే: ఎవరైనా తీసుకోండి, మార్చుకోండి, పంచుకోండి, నన్ను అడగక్కర్లేదు. ఎంత మురిసిపోయిందో! మూత బిగించే ముందు సీసాకు "ఒక చెంచా చక్కెర" అని రాసింది. గ్యాసు పుట్టాలిగా మరి. ఆమె చెంచా అంటే వాళ్లమ్మ పోపు డబ్బాలో ఉండే బుల్లి చెంచా. లోకమంతా దానితోనే కొలుస్తుందనుకుంది, మహాతల్లి!

పోయిన వారం ఎవరో ఆ పేజీ కింద పెట్టిన ఫోటో ఇప్పుడు కంటబడింది. "మీరు చెప్పినట్టే చేసిన." సీసాల పక్కన కూర వడ్డించే పెద్ద చెంచా. సీసాలన్నీ మంచం కింద. మంచం మీద ఎవరిదో ముసలి పాదం, దానికి వెండి కడియం. అసలే ఎండాకాలం. అంత చక్కెరకు ఆ సీసాలు బాంబుల్లా పేలతాయి.

మెసేజ్ పెడితే జవాబు లేదు. లైసెన్సు లేకుండా బీరు చేస్తే కేసవుతుందని అక్కడ ఎవరూ సొంత పేరు పెట్టుకోరు, ప్రణవితో సహా. ఎవరికని ఫోన్ చేస్తుంది? ఫోటో పెద్దది చేసి చూసింది. కిటికీలోంచి మొజంజాహీ మార్కెట్ గడియారం, ఎదురుగా ఒక టైలర్ బోర్డు కనిపించాయి.

ఆటో అబిడ్స్ రద్దీలో ఇరుక్కుంటే దిగి పరిగెత్తింది. దేవుడా, నేను చేరేదాకా ఆ సీసాల్ని ఆపు! ఫోటోలో కడియం గుర్తుపట్టి టైలర్ ఎదురు మేడ మీది ఇల్లు చూపించాడు.

తలుపు తీసింది శశికిరణ్ అనే కాలేజీ కుర్రాడు.

"బీరు సీసాలు నీవేనా?"

వాడు తలుపు సగం మూశాడు. "పోలీసా అక్కా?"

"కాదురా, గా తయారీ రాసింది నేనే! సీసాలు పేలతయి. మంచం మీద ఎవరున్నరు?"

"మా అవ్వ."

పోశవ్వ కునుకులో ఉంది. "ఏంది బిడ్డా, గిట్ల గుంజుతున్నరు?" అని ఆమె తిడుతుండగానే ఇద్దరూ రెక్కలు పట్టుకుని బయటికి తెచ్చి తలుపు మూశారు. మెట్ల మీద కూర్చోబెట్టారో లేదో, లోపల ఢామ్మంది. వెంటనే ఇంకోటి. గాజు పెంకులు తలుపుకు తగిలాయి. అవ్వ ప్రణవి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ప్రణవికి ఏడుపు ఆగలేదు. "గంత పెద్ద చెంచా ఎందుకేసినవ్ రా?"

"చెంచా అనే రాసిన్రు. ఏ చెంచానో నాకేం ఎరుక? నా పేజీల చూసి తీస్కున్నోళ్లు సుత గదే ఏసి ఫోటోలు పెట్టిన్రు."

"నీ పేజీ ఏంది?"

"జర మార్చి నేను సుత పెట్టిన. మస్తుమంది తీస్కున్నరు. వాళ్లెవరో నాకు తెల్వదక్కా." వాడు బిక్కచచ్చిపోయాడు. "అడగక్కర్లేదని మీరే రాసిన్రు గద."

ప్రణవి తన పేజీలో చెంచా కొలత దిద్దింది. వాడి పేజీలోనూ దిద్దించింది. ఇప్పటికే తీసుకుపోయినవాళ్ల సీసాలు ఎవరెవరి మంచాల కింద ఉన్నాయో.