చంద్రమ్మ వాంగ్మూలం నకలు

పెనం మీద జొన్నరొట్టె వేస్తుంటే మా ఆయన కనకయ్య వెనక నుంచి అన్నాడు: "శ్రావణం రాంగనే మా ఓదెలుకు పిల్లను అడుగుతందుకు బోరబండకు పోవాలె. నువ్వు సుత రావాలె. పిల్ల తల్లి మంగవ్వ ఆడమనిషి చెప్తెనే నమ్ముతదట. 'మా చెల్లెకు చిన్నప్పటిసంది మూర్ఛ ఉండె, బాయిల పడి సచ్చింది, మా మరిది మంచోడు' అని రెండు ముక్కలు చెప్పు, చాలు."

రొట్టె మాడింది. దాన్ని నా కంచంలో వేసుకుని ఆయనకు ఇంకొకటి చేశాను.

ఆయన తమ్ముడు ఓదెలుకే మా చెల్లెలు చిలకమ్మను ఇచ్చారు. అన్నదమ్ములకు అక్కచెల్లెళ్లు, ఒకరికొకరు తోడుంటారని మా అమ్మ మురిసింది. తోడు ఎక్కడ? నేను పంజాగుట్టలో, అది మెదక్ జిల్లాలో మా ఊళ్లో. తొమ్మిదేళ్ల కిందట నేను బతుకమ్మకు అమ్మగారింటికి పోయినప్పుడు, దసరా అయిన రెండో రోజు మధ్యాహ్నం, మోటబావిలో చిలకమ్మ తేలింది. మూర్ఛా లేదు గీర్ఛా లేదు దానికి. ముప్పై బిందెల నీళ్లు తోడి, అలుపు లేకుండా పాట పాడే పిల్ల. వీపు నిండా వాతలున్నాయి. ఆ పొద్దున అది నాతో చెప్పిన మాట, "అక్కా, వీడు నన్ను సంపుతడు" అన్నది, వాతలు, ఓదెలు దాని జుట్టు పట్టి ఈడ్చుకుపోవడం నేను కళ్లారా చూసింది, అన్నీ ఠాణాలో అమీను ముందు కూర్చుని చెప్పాను. ఆ పోలీసు అమీనుకు తెలుగు రాదు. నాకు ఉర్దూ రాదు. ఎర్రమంజిల్ నవాబు దేవిడీలో చప్రాసీగా ఉండి ఉర్దూ నేర్చిన మా ఆయనే, చావు కబురు విని వచ్చి, మధ్యలో నిలబడి నా మాటలు అమీనుకు చెప్పాడు. రాతగాడు రాసుకున్నాడు, నేను వేలిముద్ర వేశాను. ఒకటి మాత్రం వింతగా అనిపించింది. నేను గుక్క తిప్పుకోకుండా ఎంత సేపు చెప్పినా, ఆయన రెండు ముక్కల్లో తేల్చేవాడు. ఉర్దూ అంత పొదుపైన భాష కాబోలు అనుకున్నాను.

నవ్వుతారేమో, ఆ రోజు నుంచే నాకు మా ఆయన మీద ప్రేమ పుట్టింది. పెళ్లయి ఆరేళ్లయినా పుట్టనిది ఆ ఠాణాలో పుట్టింది. సొంత తమ్ముడి మీద, నా చెల్లెలి కోసం, సర్కారు ముందు నోరు విప్పిన మగవాడు ఎంతమందికి దొరుకుతాడు? అందుకే అత్త "నీ తల్లి మంచి నేర్పలేదు" అన్నా పడ్డాను. పొద్దున లేచి ఆయన బట్టలు ఉతికి, అమీర్‌పేటలో బేగం సాబ ఇంటికి పోయి వాళ్ల బట్టలు ఉతికి, మసాలా నూరి, వచ్చి మళ్లీ వండి, ఆయన కాళ్లు పిసికాను. "ఒక్క పని సుత సక్కగ రాదు నీకు" అంటే నిజమేనేమో అనుకున్నాను. కేసు ఏమైందని ఎప్పుడడిగినా "సర్కారు పని గట్లనే ఉంటది, ఫికర్ చెయ్యకు" అనేవాడు. పోను పోను "సర్కారే ఇడిసిపెట్టింది, నువ్వెందుకు పట్టుకుంటవ్?" అన్నాడు. నేను నమ్మాను. దుఃఖం సుత ఆయన చెప్పిన కొలతకే పడ్డాను.

కానీ మంగవ్వ కూతురికి పదిహేనేళ్లట. నా మాట మీద ఆ తల్లికి నమ్మకం కుదరకపోయినా సర్కారు కాగితం మీద కుదురుతుంది కదా. నేను చెప్పిందంతా ఎక్కడో రాసి ఉంది. దాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాలనుకున్నాను.

అమ్మకు జ్వరమని చెప్పి ఊరికి పోయాను. పోలీస్ పటేలు అరుగు మీద కూర్చుని, పంచనామా ఏనాడో ఠాణాకు పోయిందన్నాడు. రెండు కోసులు నడిచి ఠాణాకు పోతే రాతగాడు తల ఎత్తకుండా అడిగాడు.

"మొగోళ్లు ఎవ్వరు లేరా నీకు?"

"ఉన్నరు. కాగితం నాకు కావాలె."

"పాత కాగితాలు జిల్లా కచేరికి పోయినయ్. సన్ ఎంత, తారీఖు ఎంత?"

"దసరా అయినంక రెండో దినం."

అక్కడున్న జవాన్లంతా నవ్వారు. చెల్లెలు చచ్చిన రోజు కూడా సరిగా చెప్పలేనిదాన్నని సిగ్గుతో చచ్చిపోయాను.

దారి చూపింది బేగం సాబ. వకీలు గారి బిడ్డ, పరదా దాటి ఎరగదు కానీ తండ్రి కాగితాలన్నీ చదివి పెరిగింది. ఉతికిన బట్టలు మడతపెడుతూ సంగతంతా చెబితే, పాత జంత్రి, మన పంచాంగం లాంటిది, తెప్పించి వెతికింది.

"సర్కారు లెక్కల ఆజుర్ నెల, ఫస్లీ సన్ పదమూడు వందల నలభై అయిదు. జర గుర్తుంచుకో. ఊరి పేరు, ఠాణా పేరు, చచ్చిపోయిన మనిషి పేరు, నీకేమయితదో అది, ఏ కాగితం కావాలెనో అది, ఇవన్నీ రాయాలె. బయాను, అదే వాంగ్మూలం, ఇచ్చినదానివి నువ్వే. నకలు అడిగే హక్కు నీకున్నది."

హక్కు అన్న మాట నన్ను చూసి ఒకరు అనడం అదే మొదలు. స్టాంపు కాగితం మీద దరఖాస్తు ఆమే రాసింది, నేను వేలిముద్ర వేశాను. జవాబు తన ఇంటికే వచ్చేట్టు రాసింది. "మా సాబుకు తెల్వద్దు" అంది. ఇద్దరం మొగుళ్లకు దాచి ఒక కాగితం కోసం రెండు నెలలు ఎదురుచూశాం.

ఆషాఢం చివర్లో లకోటా వచ్చింది. బేగం సాబ ముందు మనసులో చదువుకుంది. మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాత నన్ను పీట వేసుకుని కూర్చోమంది. ఆ ఇంట్లో నేను ఎప్పుడూ పీట మీద కూర్చోలేదు.

"చంద్రమ్మా, నువ్వు అమీనుకు ఏం చెప్పినవ్?"

చెప్పాను. ఆమె కాగితంలోని ఉర్దూ చూస్తూ తెలుగులో చెప్పింది.

"ఇండ్ల గట్ల లేదు. 'నా చెల్లెలికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. నీళ్లకు పోయి బావిలో పడ్డది. నా మరిది దాన్ని మంచిగ చూసుకున్నడు. నాకు ఎవరి మీద అనుమానం లేదు.' కింద నీ వేలిముద్ర. తెలుగు నుంచి చెప్పినవాడు, కనకయ్య, భర్త."

ఇంకోసారి చదవమన్నాను. చదివింది. నేను అంత సేపు ఏడ్చుకుంటూ చెప్పింది రెండు ముక్కలే ఎందుకయిందో అప్పుడు తెలిసింది. చిలకమ్మను ఓదెలు ఒకసారి చంపాడు. సర్కారు పుస్తకంలో, నా బొటనవేలితోనే, మా ఆయన ఇంకోసారి చంపించాడు. ఆ పని చేసినందుకే నేను ఆయన్ని తొమ్మిదేళ్లు ప్రేమించాను. ఏడుపు చెల్లెలి కోసం వచ్చిందో, ఆ తొమ్మిదేళ్ల కోసం వచ్చిందో నాకే తెలియదు. బేగం సాబ నా వీపు మీద చెయ్యి వేసింది.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ అడిగాను.

"ఆ దినం అమీనుకు నా మాటలు ఏమని చెప్పినవ్?"

"ఎన్నటి ముచ్చటనే అది, యాదికి లేదు" అన్నాడు ఆయన. అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు. ముద్ద కలుపుకుంటూ "పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఉప్పు తెచ్చి వేశాను.

శ్రావణంలో బోరబండకు పోయాం. రాళ్లు కొట్టి బిడ్డల్ని సాకే మనిషి మంగవ్వ, అరచేతులు పగిలి ఉన్నాయి. చాప పరిచి, మజ్జిగ ఇచ్చి, నా ఎదురుగా కూర్చుంది. వెనక తడిక చాటున కూతురు నిలబడి ఉంది.

"అక్కా, ఆడపిల్ల తల్లిని, అందుకే అడుగుతున్న. నీ చెల్లెకు ఏమైంది?"

"ఆమెకు చిన్నప్పటిసంది..." అని మొదలుపెట్టాడు మా ఆయన.

"నన్ను అడిగింది" అన్నాను. "నాకు తెలుగు వస్తది, ఆమెకు సుత వస్తది. నువ్వు జర ఊకో."

నేను వాతల గురించి చెప్పాను, జుట్టు గురించి చెప్పాను, అమీను గురించి, కాగితం గురించి చెప్పాను. ఆయన లేచి వాకిట్లోకి పోయాడు. ఇక ఇంటికి పోతే నాకు ఏమవుతుందో తెలుసు. ఆ ఇంటికి పోను. బేగం సాబ వెనకింట్లో పాత బొగ్గుల కొట్టు ఊడ్చుకుని ఉండమంది.

అంతా అయిపోయాక అమీనుకు కూడా చెప్పని మాట ఒకటి మిగిలింది. తడిక వెనకున్న పిల్లకు వినిపించేటట్టు అది కూడా చెప్పాను.

"నన్ను సంపుతడు అక్కా అని ఆ పొద్దుగాల అది నా కాడికి ఉరికొచ్చింది మంగవ్వా. మొగడన్నంక ఒక దెబ్బ కొడ్తడు, ఇంటికి పో అని తోలింది నేనే."