పడిపోవడం నేర్చిన డబ్బా

నోట్లో బ్రష్ ఉండగానే అతను ప్రోగ్రామును మరోసారి నడిపించాడు. గడ్డం మీదికి కారుతున్న నురుగును ఎడమచేత్తో తుడుచుకుంటూ కుడిచేత్తో మీట నొక్కాడు. నాలుగేళ్లుగా ప్రతి ఉదయం ఇంతే. తన ముఖం కడుక్కోకముందే కంప్యూటర్ ముఖం చూడాలి. తెర మీద కచ్చితత్వం తొంభై తొమ్మిది శాతం అని పడింది. నిన్నా అంతే, మొన్నా అంతే. అయినా ఆ అంకె కనిపించగానే వంగిన వీపు కాస్త నిటారైంది. ఉన్నంతలో ఛాతీ ముందుకొచ్చింది.

హాస్టల్లో అతన్ని సర్వజ్ఞుడు అనేవారు. వెక్కిరింతగా పెట్టిన పేరది. అతను మాత్రం ఆలస్యంగా దక్కిన న్యాయంలా స్వీకరించాడు. ఇరవై రెండేళ్లకే మెడ ముందుకు వాలింది. కళ్లద్దాల మీద ఎప్పుడూ వేలిముద్రలే. గోళ్లు కొరికి కొరికి వేళ్ల చివర్లు ఎర్రగా ఉండేవి. ప్రపంచంలో సగంమంది అతని దృష్టిలో అనవసరం. మౌస్ పట్టుకునేవాడు మొద్దు, అచ్చుపుస్తకం తెరిచేవాడు వెనకబడ్డవాడు, పాఠం చెప్పే ప్రొఫెసర్ ఎప్పుడో గడువు తీరిపోయిన సరుకు. అమ్మ ఫోన్ చేస్తే, మంచం మీద దొర్లుతూ కూడా "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అనేవాడు. ఆవిడ "సరే నాన్నా, సరే" అని గొంతు తగ్గించి పెట్టేసేది, ఆ మీటింగ్‌లో వాళ్లకి తన మాట వినపడుతుందేమోనని.

చదువు పూర్తి కావడానికి అడ్డున్నది ఒక్క ప్రాజెక్టు. నడుముకి కట్టుకునే చిన్న డబ్బా. ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు పడిపోతే అది కూత పెట్టి, పిల్లలకి కబురు పంపుతుంది. మధ్యాహ్నం రెండింటికి పరీక్షకుల ముందు అది కూయాలి. కూయకపోతే ఈ ఏడు పట్టా లేదు. పట్టా లేకపోతే వచ్చిన ఉద్యోగమూ లేదు.

డబ్బాకి పడిపోవడమంటే ఏమిటో తెలియాలంటే ఎవరో ఒకరు పడి చూపించాలి. సర్వజ్ఞుడు పడడు. తను పడితే కోడ్ ఎవరు రాస్తారు? గదిలో ఉన్న రెండోవాడు పడ్డాడు. భారీ మనిషి, మెత్తని నవ్వు, ఆరు సబ్జెక్టులు తప్పినవాడు. అందరూ బండోడు అనేవారు. రెండు నెలలపాటు రోజూ సాయంత్రం నేల మీద పరుపు వేసి, నడుముకి డబ్బా కట్టుకుని, ముందుకీ వెనక్కీ పక్కకీ పడ్డాడు. మొత్తం నాలుగు వందల సార్లు. సర్వజ్ఞుడు తెర మీంచి తల తిప్పకుండా "ఇంకోటి" అనేవాడు.

"నడక నేర్చుకునేటప్పుడు కూడా ఇన్నిసార్లు పళ్లేదురా నేను" అనేవాడు బండోడు లేస్తూ. సర్వజ్ఞుడు నవ్వేవాడు కాదు. జోకు వేస్తే రికార్డింగ్ పాడవుతుంది.

నెల కిందట పక్కగది వాళ్లిద్దరికి డబ్బా కట్టి పడమన్నాడు. అది కిక్కురుమనలేదు. వాళ్లకి సరిగ్గా పడటం రాదని తేల్చి, ఆ రెండు ఫైళ్లూ చెరిపేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకి తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు. కానీ పరీక్ష రోజున బండోడే పడాలని మాత్రం అతనికి తెలుసు.

ఆ బండోడు ఇప్పుడు పెట్టె సర్దుకుంటున్నాడు.

"పన్నెండింటి బస్సుకి పోతున్నా. టైర్ల షాపులో మనిషి లేడని బావ ఒకటే గోల. డిగ్రీ ఎటూ లేదు, టైర్లన్నా తిప్పుకుంటా."

పుట్టి బుద్ధెరిగాక సర్వజ్ఞుడు ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. అడగడమంటే తనకి లేదని ఒప్పుకోవడం. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మరకలు ఇంకా పెద్దవయ్యాయి.

"రెండింటికి డెమో. నువ్వుంటే... డేటాలో కంటిన్యుటీ ఉంటుంది."

బండోడు పెట్టె మూత మీద చేతులానించి పగలబడి నవ్వాడు. "'ఉండరా' అనడానికి ఇంత తిప్పలేంట్రా! ఉంటాలే. నాలుగింటికి ఇంకో బస్సుందిగా."

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు సర్వజ్ఞుడికి కోపం వచ్చింది. విలువైనవాడైతే కాస్త బెట్టు చేసేవాడు కదా అనుకున్నాడు.

సెమినార్ హాల్లో నున్నటి రాతినేల. ముందువరసలో విభాగాధిపతి, పక్కన బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు. నెరిసిన జుట్టు, మెళ్లో వేలాడే కళ్లజోడు. సర్వజ్ఞుడు ఇరవై నిమిషాలు మాట్లాడి, తొంభై తొమ్మిదిని మూడుసార్లు చెప్పి, చెయ్యి ఊపాడు. బండోడు వచ్చి నిలబడ్డాడు. పరుపు గదిలో ఉండిపోయిందని సర్వజ్ఞుడికి అప్పుడు తట్టింది.

బండోడు పడ్డాడు. బియ్యం బస్తా దించినంత చప్పుడైంది. డబ్బా కూయలేదు.

"ఇంకోటి" అన్నాడు సర్వజ్ఞుడు, తెర చూస్తూ.

ఈసారి మోచెయ్యి ముందు తగిలింది. డబ్బా కూయలేదు. వెనకవరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"బాబూ, ఆ అబ్బాయికి దెబ్బ తగిలినట్టుంది, చూడు" అంది పరీక్షకురాలు.

"పర్లేదు మేడమ్. అతనికి అలవాటే."

తెర మీద గీత పైకి లేచి, కూత పెట్టాల్సిన హద్దు దాకా వచ్చి, ఎందుకో వెనక్కి తగ్గుతోంది. నాలుగేళ్లలో మొదటిసారి సర్వజ్ఞుడు తను రాసినదాన్ని చూస్తూ ఏమీ తోచకుండా నిలబడ్డాడు. బండోడు మోచేతి మీద లేచి, అతనికి మాత్రమే వినపడేట్టు అన్నాడు:

"నీ డబ్బాకి నేల తెలీదురా. పరుపే తెలుసు. ఉండు."

లేచి నిలబడ్డాడు. మోకాళ్లు వదులు చేశాడు. భుజం మీంచి ఒరిగి, నేల తగిలిన క్షణంలో ఆ భారీ శరీరాన్ని కొంచెం పైకి ఎగరేసి మళ్లీ దించాడు, అక్కడ లేని పరుపు కుంగి లేచినట్టుగా.

డబ్బా కూసింది. హాలంతా చప్పట్లు.

అంటే డబ్బా నేర్చుకున్నది ముసలివాళ్లు పడే తీరు కాదు. ఒక మనిషి, ఒక పరుపు. సర్వజ్ఞుడికి ఇదంతా రెప్పపాటులో అర్థమైంది. రెప్ప తెరిచేలోగా మర్చిపోయాడు. "చిన్న క్యాలిబ్రేషన్ సమస్య" అన్నాడు, గొంతు సవరించుకుని.

"పెద్దవయసు వాళ్లెవరైనా కట్టుకుని చూశారా?"

"అది తర్వాతి దశలో ఉంది మేడమ్."

"మరి ఈ అబ్బాయి?"

"వాలంటీర్."

విభాగాధిపతి "మా ఆణిముత్యం" అని సర్వజ్ఞుడి వీపు తట్టాడు. పరీక్షకురాలు ఇంకోసారి బండోడి వైపు చూసి, మార్కుల కాగితం మీద సంతకం పెట్టింది.

బయట వరండాలో క్లాసువాళ్లు చుట్టుముట్టారు. ఎవరో సందేహం అడిగారు. సర్వజ్ఞుడు వివరించడం మొదలుపెట్టాడు. గుంపు వెనకనుంచి "వస్తానురా సర్వజ్ఞా! బస్సుకి టైమైంది" అని వినపడింది. ఒక్క నిమిషం అన్నట్టు వేలెత్తాడు. వాక్యం మధ్యలో ఉన్నాడు మరి. వాక్యం పూర్తయి తల తిప్పేసరికి మెట్ల దగ్గర ఎవరూ లేరు.

గదికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. అవతలి మంచం బోడిగా ఉంది. అక్కడ రెండో మానిటర్ పెట్టుకోవచ్చు అనుకున్నాడు. తలుపు గడియ వేశాడు. ఎందుకో డబ్బా తన నడుముకి కట్టుకుని, పరుపు పరిచి, దానికి ఎదురుగా నిలబడ్డాడు.

పడలేకపోయాడు. మోకాళ్లు వంగలేదు. చేతులు వాటంతటవే గోడ పట్టుకున్నాయి. రెండోసారీ అంతే. వాడెలా పడేవాడో గుర్తు తెచ్చుకుందామనుకున్నాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. నాలుగు వందల సార్లలో ఒక్కసారైనా చూసి ఉంటేగా. చివరికి కళ్లు మూసుకుని, కాలు జారినవాడిలా ఒరిగాడు. పరుపు తప్పి, తుంటి గచ్చుకి కొట్టుకుంది. నొప్పి దవడదాకా పాకింది. కళ్లద్దాలు ముక్కు మీద వంకరపోయాయి.

డబ్బా కూయలేదు.

చెంప నేలకానించి అలాగే పడుకున్నాడు. అవతలి మంచం కింద, గోడవారగా, నొప్పుల మందు ట్యూబు ఒకటి కనిపించింది. తోకనుంచి మూతిదాకా చుట్టచుట్టి పిండి, అదీ చాలక పొట్టన బ్లేడుతో చీల్చి, లోపల అంటుకున్నది కూడా వేలితో గీరి తీసిన ఖాళీ ట్యూబు. మూత మాత్రం గట్టిగా బిగించి ఉంది.