విరిచేసిన మూడో పిన్ను

నేను ఒక పొగ పరీక్ష యంత్రాన్ని. బండి సైలెన్సర్‌లోకి నా గొట్టం దూరిస్తే, అది వదిలే పొగలో విషం ఎంతుందో అంకెల్లో చెబుతాను. కోయంబత్తూరులో పుట్టాను. ఇనుప రేకు ఒళ్ళు, మూడు పిన్నుల ప్లగ్గు. అక్కడి మేస్త్రీ నన్ను పంపే ముందు ఆ మూడో పిన్నును రెండుసార్లు పరీక్షించాడు. లోపల తీగ ఒరుసుకుపోయి నా రేకుకు తగిలితే, ఆ కరెంటును మనుషుల మీదికి పోనివ్వకుండా భూమిలోకి దించేది అదే.

నన్ను కొన్నది మండపేట రత్నరాజు. బైపాస్ రోడ్డులో పెట్రోలు బంకు పక్కన ఆయన పాత వ్యానులోనే మా పొగ పరీక్ష కేంద్రం ఉండేది. పొద్దున్నే నా ముఖం గుడ్డతో తుడిచాకే టీ తాగేవాడు. అప్పటి స్కూటర్ల నూనె వాసన తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఎంత నల్లటి పొగ వదిలినా బండివాళ్ళు అనుమానించేది నన్నే, బండిని కాదు. ఒక పెద్దాయన తన స్కూటరు పాసవ్వాలని నాకు దణ్ణం పెట్టాడు కూడా. సర్టిఫికెట్లు రాసే సుగుణ నవ్వాపుకోలేక రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకుంది. నా గొణుగుడు విని ఫిల్టరు నిండిందని చెప్పగల మనిషి ఆమె.

ఒక ఏడు బంకులో మరమ్మతులు మొదలై, మేము ఎదుటి రేకుల షెడ్డులోకి మారాం. అక్కడి ప్లగ్గు బోర్డుకు రెండే రంధ్రాలు. బయట పాతిక బండ్లు హారన్లు కొడుతున్నాయి. రత్నరాజు ఒక్క నిమిషం తటపటాయించి, కటింగ్ ప్లేయరుతో నా మూడో పిన్నును విరిచేశాడు. ఈ పూటకే అన్నాడు. సుగుణ అడిగినప్పుడల్లా రేపు మార్పిస్తానన్నాడు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. రోజూ నన్ను బల్ల మీద ఈడ్చడంతో లోపలి తీగ ఒకటి రేకు అంచుకు ఒరుసుకుంటూ వచ్చింది. ఊళ్ళో బండ్ల పొగ లెక్కంతా చెప్పగలిగిన నేను, ఆ ఒక్క సంగతీ చెప్పలేకపోయాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం జల్లు కురిసి షెడ్డు నేలంతా తడిసింది. బురద చెప్పులు గుమ్మంలో విడిచి వచ్చిన సుగుణ నా మీద చెయ్యి వేసింది. ఆ క్షణంలో ఆమెను పట్టుకున్నది నేనే. వదలాలని ఉన్నా వదలడం నా చేతిలో లేదు. రత్నరాజు ఆమెను లాగబోయాడు. సర్టిఫికెట్ కోసం వచ్చిన ఆటో డ్రైవరు కరీముల్లా ఆయన్ను అడ్డుకున్నాడు.

"ముట్టుకోకండి అయ్యగారూ. మీరూ పోతారు. మెయిన్ ఎక్కడుందో చెప్పండి."

రత్నరాజు మెయిన్ స్విచ్చి వైపు చెయ్యి చూపించాడు. కరీముల్లా మెయిన్ ఆపాడు. సుగుణ నేల మీద పడిపోయింది. ఆ ఆటోలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అరచెయ్యి కాలింది గానీ ప్రాణం నిలిచింది. రత్నరాజు షెడ్డుకు తాళం వేసి, పదకొండు రోజులు తెరవలేదు.

పన్నెండో రోజు ఆమె చేతికి కట్టుతో వచ్చింది. ఆమెను చూడగానే ఆయన కళ్ళు దించుకున్నాడు. ఇక ఈ యంత్రం జోలికి రావద్దు, ఇంకెక్కడైనా మంచి పని చూపిస్తానన్నాడు.

"నేను పని మానేస్తానని చెప్పడానికి రాలేదండి. ముందు ఎర్తు వేయించండి. దగ్గరుండి చూసుకుంటాను."

గొయ్యి తవ్వింది రత్నరాజే. ఎలక్ట్రీషియను అందులో పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి నీళ్ళు పోశాడు. నా లోపలి తీగ మార్చి, కొత్త ప్లగ్గూ, మూడు రంధ్రాల బోర్డూ, కరెంటు కారితే దానంతటదే ఆగిపోయే స్విచ్చీ పెట్టాడు. మెయిన్ దగ్గర కరెంటు తీగకూ ఎర్తు తీగకూ మధ్య బల్బు తగిలించి చూపమంది సుగుణ. అది నిండుగా వెలిగాకే కుర్చీలో కూర్చుంది. ఆ తరువాత ప్రతి వేసవిలోనూ ఆ గొయ్యి ఎండకుండా చెంబుడు నీళ్ళు పోస్తూనే ఉంది. రత్నరాజు కాలం చేశాక ఆ కేంద్రాన్ని పదేళ్ళు ఆమే నడిపింది.

కంప్యూటరుతో మాట్లాడే కొత్త యంత్రాలు వచ్చాక నన్ను ఐటీఐకి ఇచ్చేశారు. ఇప్పుడు నా మూత తీసి, తీగలు కనబడేలా బల్ల మీద ఉంచారు. అప్పగించిన రోజు సుగుణ అక్కడి విద్యార్థులకు ఆసుపత్రి సంగతి దాచకుండా చెప్పింది. ముందు వరుసలోని అమ్మాయి ఒకతె, ఇంత ప్రమాదం చేసిన దీన్ని అన్నేళ్ళు ఎందుకు ఉంచుకున్నారని అడిగింది.

"తప్పు దీనిది కాదమ్మా," అంది సుగుణ. "ఇది చాలా మంచి మెషీను."

అంతకు ముందు నన్ను ఎవరూ ఆ మాట అనలేదు.