వేరుశనగ చేలో విడిచిన నీడ

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేటప్పుడు అమరావతి తన నీడను చేలోనే విడిచి వచ్చేది. నిమ్మనపల్లెలో దానిని ఎవరూ వింతగా చూడలేదు. బోరు దగ్గర ఆడవాళ్లు మాత్రం, కొడవలి మరిచి వచ్చిన మనిషిని అడిగినట్టు, "నీడ యాడ పెట్టొస్తివమ్మా?" అని అడిగేవారు.

"తీతువు గుడ్ల మీద," అనేది ఆమె.

తీతువు పిట్ట గూడు కట్టదు. వట్టి నేల మీద గులకరాళ్ల నడుమ గుడ్లు పెడుతుంది. ఆ చోటు చుట్టూ సున్నం పూసిన రాళ్లు పేర్చడం ఆమె భర్త మల్లప్ప ఇంట తాతల నాటి పద్ధతి. తెల్లని ఆ వలయాన్ని చూసి మునుపు నాగలి, ఇప్పుడు ట్రాక్టరు పక్కకు తిరిగేవి. చేలో కరెంటు టవరు లేచిన నాటి నుండి మాత్రం ఒక్క పిల్లా బతకలేదు. రాళ్లు పేర్చిన చోటల్లా గుడ్లు మాయం. ఈ పంటకారుకు మిగిలినవి అమరావతి నీడ కింది గుడ్లే.

మల్లప్ప అనుమానమంతా టవరు సామాన్లకు కాపలా ఉన్న సుబ్బయ్య మీద. కుప్పం నుండి వచ్చిన పరాయివాడు. చంకన ఎప్పుడూ ఒక సంచి.

"నీ కండ్లెప్పుడూ మనుషుల మీదనే. రోంత పైకి సూడు," అన్నది అమరావతి. అతడు వినలేదు. మదనపల్లెకు పోయి కాంట్రాక్టరుకు ఫిర్యాదు చేశాడు.

మరునాటి మధ్యాహ్నం సూపర్‌వైజరు ప్రతాప్ చేలోకి వచ్చి సుబ్బయ్యను పని మానుకోమన్నాడు. గుడ్లు ఎత్తినవాడు రేపు తీగ ఎత్తడా అని అతని వాదన. సుబ్బయ్య సంచి బోర్లించాడు. సంకటి ముద్ద, ఊరగాయ.

"ఈ పొద్దు లేకపోతే నిన్న లేదనా?" అన్నాడు మల్లప్ప.

అప్పుడు టవరు కమ్మీ మీది కాకి దిగి, నేరుగా ఒక తెల్లరాయి మీద వాలింది. వలయంలో ముడుచుకొని పడుకున్న అమరావతి నీడ, వడియాల మీదికి వచ్చిన కోడిని అదిలించినట్టు చేయి ఎత్తింది. కాకి పైకి పోయి, మరల మరొక రాయి మీద వాలింది. మరల చేయి లేచింది.

మల్లప్ప తల ఎత్తి టవరును చూశాడు. అంత ఎత్తు నుండి ఈ ఎర్రనేలలో కనబడేవి తాను పేర్చిన రాళ్లే.

"దొంగ యాడప్పా?" అన్నాడు ప్రతాప్.

మల్లప్ప రాళ్లన్నీ ఏరి వాగులోకి విసిరాడు. అరచేతులు తెల్లబడ్డాయి.

"ఈయప్పను పంపొద్దు," అన్నాడు చివరకు. అంటూనే ఆ సంచి వంక మరొకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

సుబ్బయ్య అతణ్ణి దాటిపోయి, నేల మీది నీడకు రెండు చేతులూ జోడించాడు.