లోపలి గడియ

"ఐదున్నర లోపల గది దొరక్కపోతే ఇంటికే. అంతే లోవా," అన్నాడు వీరాస్వామి.

లోవలక్ష్మి వాచీ చూసుకుంది. మూడూ నలభై. భీమవరంలో ఇంజనీరింగ్ సీటొచ్చింది గానీ కాలేజీ హాస్టల్ నిండిపోయింది. పొద్దుట్నుంచి చూసిన మూడు గదులూ నాన్నకి నచ్చలేదు. ఒకదాని ఎదురుగా కిళ్ళీకొట్టు. ఒకదాని మేడమీద కుర్రాళ్ళు. మూడోదానికి ప్రహరీ పొట్టి. భద్రమైన గది లేకపోతే చదువూ లేదని ఊళ్ళో బస్సెక్కే ముందే చెప్పేశాడు.

నాలుగో ఇంటి గేటు తీసినావిడ పేరు రత్నమాణిక్యం. అరవై ఏళ్ళుంటాయి. ఒంటరిగా ఉంటోంది. పెరటి గది చూపించింది.

వీరాస్వామి రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగుచేస్తాడు. జేబులో స్క్రూడ్రైవర్ లేకుండా గడప దాటడు. దాంతో కిటికీ ఊచల్ని తట్టి చూశాడు. కదల్లేదు. మొహం విప్పారింది.

లోవలక్ష్మి చూపు మాత్రం తలుపు దగ్గర ఆగిపోయింది. బయట గొళ్ళెం ఉంది. లోపల గడియ లేదు. దాని చోట నాలుగు కన్నాలు. ఎవరో కావాలనే ఊడబీకారు!

అడిగితే నాన్నకి అనుమానమొస్తుంది. అనుమానమొస్తే ఐదున్నర బస్సే.

అయినా అడిగేసింది. "లోపల గడియ లేదేంటండీ?"

వీరాస్వామి నవ్వాడు. "లేకపోతేనే మంచిది. అమ్మగారు ఎప్పుడైనా తలుపు తోసి చూడొచ్చు. గది మాకు ఖాయం చేసెయ్యండి."

"నేనివ్వనండి," అంది రత్నమాణిక్యం.

వీరాస్వామి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకోబోతూ ఆగాడు.

"అదేంటండీ, ఇప్పుడేగా చూపించారు!" అన్నాడు.

"మీకు ముందు ముగ్గురు తండ్రులొచ్చారు. ముగ్గురూ ఇదే మాటన్నారు. పంపించేశాను."

ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. "ఇది మా అమ్మాయి హారతి గది. దానికి విశాఖపట్నంలో డాక్టరు సీటొచ్చింది. వాళ్ళ నాన్నగారు వద్దన్నారు. అది గడియేసుకుని అన్నం మానేసింది. ఆయన తలుపు తోయించి గడియ పీకేశారు. కాలేజీలో చేరాల్సిన రోజున బయట గొళ్ళెం పెట్టారు. నేను వంటింట్లోనే ఉన్నానండి. తియ్యలేదు."

"ఇప్పుడు... ఎక్కడున్నారు?" అంది లోవలక్ష్మి భయంగా.

"తణుకులో. ఇద్దరు పిల్లలు. ఈ గడప తొక్కి పదకొండేళ్ళయింది."

వీరాస్వామి వాచీ చూసుకున్నాడు. కూతురు సంచీ అందుకుంది, వెళ్ళిపోదామంటాడనుకుని.

"ఆ గడియ పారేశారాండీ?" అన్నాడతను.

ఆవిడ బీరువాలోంచి పాత బిస్కెట్ల డబ్బా తెచ్చింది. గడియ, నాలుగు స్క్రూలు. ఒక్కటీ పోలేదు.

కన్నాలు వదులైపోయాయి. వీరాస్వామి అగ్గిపుల్లలు విరిచి వాటిలో కుక్కి, గడియ బిగించాడు. బయటికెళ్ళి, "లోవా, వేసుకో," అన్నాడు.

వేసుకుంది. అతను భుజంతో గట్టిగా తోశాడు. మళ్ళీ తోశాడు. రాలేదు.

"తియ్యనా నాన్నా?"

"నీ ఇష్టం. నీ గది." రత్నమాణిక్యం వైపు తిరిగాడు. "ఇప్పుడైనా ఇస్తారాండీ?"

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ తలూపింది.

ఐదున్నర బస్సుకి వీరాస్వామి ఒక్కడే వెళ్ళాడు.