పదకొండో వారం గూళ్ళు

"ఒక్క గురువారం ఆగితే నీ కొంగలేం ఎగిరిపోవులే" అన్నాడు భర్త, ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపుతూ. వంటింట్లోంచి అత్తగారు నవ్వింది. "పిట్టల్ని లెక్కపెడితే జీతమిస్తారంటే ఇప్పటికీ నమ్మలేనే తల్లీ. మీ ఆడపడుచు వాళ్ళు భోజనానికొస్తున్నారు, గుర్తుందిగా?"

ఆమె వెళ్ళలేదు. పదిమందికి వండి, గిన్నెలు తోమి, తడిచేతులు తుడుచుకుని గోడవారగా కూర్చుని లెక్కల పుస్తకం తెరిచింది. ప్రతి గురువారం పొద్దున్నే మడుగు గట్టున అదే రాయి పక్కన నిలబడి, దుర్భిణిలోంచి మడుగులో చెట్ల మీది ముప్పై ఆరు కొంగగూళ్ళూ వరసగా చూసి, దేనిలో ఎన్ని పిల్లలున్నాయో రాయడం ఆమె పని. పిల్లలు తగ్గితే మడుగులో నీళ్ళు చాలడం లేదని అర్థం. అప్పుడు ఆమె ఆఫీసువాళ్ళు నీళ్ళు బయటికి పోకుండా తూము మూయిస్తారు. తన పుట్టింటి వంశంలో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. ఆ పుస్తకంలో ఇన్నాళ్ళూ ఒక్క కొట్టివేత లేదు. ఆరోజు పదో వారం అంకెల్ని పదకొండో వారం గళ్ళలోకి దించేసింది. రెండు చోట్ల ఒక్కో పిల్లను తగ్గించింది కూడా, నిజమనిపించాలని. తర్వాత తల్చుకుంటే ఆ తగ్గింపే ఆమెకు ఎక్కువ సిగ్గనిపించింది.

మరుసటి గురువారం వెళ్తే చెట్ల కింద నీళ్ళు లేవు. బురదలో కుక్కల అడుగులు. నీళ్ళు పోతే కుక్కలొస్తాయి, తల్లులు నిలవవు. దుర్భిణిలో ముప్పై ఆరు గూళ్ళూ చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది. ఒక్కదానిలోనూ అలికిడి లేదు.

"పోయిన వారం నీ లెక్క బాగుందనే కదమ్మా తూము తెరిచి ఉంచమన్నాను" అన్నారు ఆఫీసులో పెద్దసారు. "నీ రాత మీద నాకు అంత నమ్మకం. ఏ జబ్బో తగిలుంటుంది. అలాగే రాసెయ్యి."

రాసేస్తే ఆమె ఉద్యోగానికి ఢోకా లేదు. వచ్చే ఏడూ ఆ తూము ఇలాగే తెరుచుకుంటుంది. కుర్చీలో కూర్చుని భర్త మీద కోపం తెచ్చుకోబోయింది. రాలేదు. మానెయ్యమన్నాడు గానీ దొంగ అంకెలు వెయ్యమనలేదు. ఇదీ ఒక పనేనా అని నవ్వింది వాళ్ళు. కాదేమోలే అనుకుని కలం పట్టింది తను.

పదకొండో వారం మీద అడ్డంగా గీత గీసింది. కింద రాసింది: ఆరోజు నేను వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని రాశాను.

పెద్దసారు చదివి ఆ గీత మీద వేలు పెట్టారు. "ఎందుకెళ్ళలేదమ్మా?"

ఇంట్లో పనుందండీ అనబోయి ఆగింది.

"దీన్ని నేనే పని అనుకోలేదు సార్."