అందరికీ బొట్టు, నాకు రంగు

నేను ఒక ఎర్త్ పట్టీని. జానెడు పొడవున జడలా అల్లిన రాగి తీగల ముక్కను. ఒక చివర బ్యాటరీ మైనస్ కొసకు, రెండో చివర బండి ఇనుప చట్రానికి బిగించి ఉంటాను. కరెంటు బ్యాటరీలోంచి బయలుదేరి, దీపం వెలిగించి, ఫ్యాను తిప్పి, మళ్ళీ నా మీదుగానే ఇల్లు చేరాలి. ఎర్ర వైరుకు ఫ్యూజులున్నాయి, స్విచ్చులున్నాయి, పేరుంది. నన్ను మెకానిక్కులు కూడా చూసీ చూడనట్టు వెళ్ళిపోతారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత అలవాటైపోయింది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అల్లిన మనిషి నన్ను రెండు చేతులా లాగి చూసి "గట్టిదే" అన్నాడు. చాలాకాలం పాటు నేను విన్న పొగడ్త అదొక్కటే. ఆ తర్వాత నన్ను ఒక సినిమా వాళ్ళ వ్యానులో బిగించారు. అందులో అద్దం చుట్టూ పద్నాలుగు బల్బులు. ఆ వెలుగులో ఒక హీరో రోజూ గంటసేపు తన ముక్కును పరిశీలించుకునేవాడు. ఆ ముక్కు కోసం నేనెంత కరెంటు మోశానో ఆయనకు తెలియనే తెలియదు. కొన్నాళ్ళకు వ్యాను పాతబడింది, హీరో కూడా పాతబడ్డాడు.

అప్పుడు మమ్మల్ని కొన్నాడు తణుకు ధర్మలింగం. ముప్పై ఏళ్ళు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఊరందరినీ తిప్పాడు గానీ, ఆయన భార్య మాణిక్యాంబ మాత్రం ఆయన నడిపే బస్సు ఒక్కసారీ ఎక్కలేదు. పండగొస్తే డ్యూటీ, పెళ్ళిళ్ళొస్తే స్పెషల్ డ్యూటీ. అందుకే మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ళ మోటారు ఉన్న ఈ వ్యాను తెచ్చి, "లంబసింగి మంచు చూపిస్తా, పద" అన్నాడు.

ఆమె ఒకే షరతు పెట్టింది. "దారిలో దీపమో ఫ్యానో ఆగిందంటే నేను దిగిపోతానండీ. బండిని పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చెయ్యాలి. సరేనా?"

ఆయన వెంటనే సరేనన్నాడు. మగవాళ్ళు ఇలాంటి వాటికి చాలా తేలిగ్గా సరేనంటారు.

ఈలోగా దసరా వచ్చింది. డ్రైవరుకు ఆయుధపూజంటే ప్రాణం కదా! ధర్మలింగం నన్ను విప్పి, చట్రమంతా ఆకుపచ్చ రంగు పూసి, ఆరాక ఆ రంగు మీదే మళ్ళీ బిగించాడు. స్టీరింగుకు బొట్టు, టైర్లకు బొట్టు, బ్యాటరీకి బొట్టు, ఆఖరికి జాకీకి కూడా బొట్టు. నాకు మాత్రం కింద రంగు. మధ్యలో రంగుంటే నాకు ఇనుము తగలదు. తగలనిదే కరెంటును ఎలా దాటించను? బోల్టు అంచున రంగు ఊడిన చోట సన్నగా ఇనుమును పట్టుకుని రెండు నెలలు నెట్టుకొచ్చాను. చలికాలం తేమకు అక్కడా తుప్పు పట్టింది.

డిసెంబరులో బయలుదేరారు. నర్సీపట్నం దాటాక, మిట్టమధ్యాహ్నం, ఒక గుంతలో బండి ఎగిరిపడింది. నా పట్టు జారిపోయింది. ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ నోరు మూసుకుంది. కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఇంజనుకు వేరే బ్యాటరీ ఉంది కనుక బండి మాత్రం దర్జాగా పోతూనే ఉంది.

"ఆపండి" అంది మాణిక్యాంబ. సంచి తీసుకుని దిగి, మైలురాయి మీద కూర్చుంది. "నాలుగింటికి రాజమండ్రి బస్సుందట. నేను పోతాను."

ధర్మలింగం గబగబా దిగాడు. ఫ్యూజులన్నీ తీసి చూశాడు, బాగానే ఉన్నాయి. బ్యాటరీకి మీటరు పెట్టాడు, పన్నెండున్నర వోల్టులు చూపించింది, అదీ బాగానే ఉంది. దగ్గరి ఊరి మెకానిక్కు వచ్చి "బేటరీ పోనాది బాబూ" అని ఇంకోటి తెచ్చి పెట్టాడు. అదీ అంతే. అందరూ ప్లస్ వైపే తిరుగుతున్నారు. ఇటు చూడండిరా అని నేను ఎంత మొత్తుకున్నా ఎవరికి వినిపిస్తుంది? నాకు నిజంగా భయం వేసింది.

మూడున్నరకు ధర్మలింగం విసిగిపోయి, చేతిలోని పొడుగు పానాను బ్యాటరీ మీద వాల్చేశాడు. దాని ఒక కొస మైనస్ మీద పడింది, రెండోది రంగు లేని తలుపు ఇనుప పట్టాకు ఆనింది.

"ఫ్యాను తిరిగిందండీ!" అంది మైలురాయి మీది మాణిక్యాంబ.

"గాలికి తిరిగుంటుందిలే."

"ఆ పానా తియ్యండి." ఫ్యాను ఆగింది. "మళ్ళీ పెట్టండి." తిరిగింది.

ఆమె సంచి అక్కడే వదిలేసి వచ్చి, వంగి నా వైపు చూసింది. అంత పరీక్షగా నన్ను చూసిన మనిషి ఆమే మొదలు.

"ఈ జడ కింద ఏంటండీ, ఆకుపచ్చగా?"

"రంగు. నేనే వేశాను, దసరాకి."

"మా పుట్టింట్లో కళాయి వేసేవాడు ముందు గిన్నెని తెల్లగా తోమేవాడండీ. మసి మీద కళాయి అంటుకోదట. ఇదీ అంతేనేమో!"

వంటింటి చాకుతో ఆమే గీకింది. ఇనుము తళతళలాడింది. ధర్మలింగం బోల్టు బిగించాడు. దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, కుళాయి పొలమారి నీళ్ళు వదిలింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను!

అప్పుడే రాజమండ్రి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తల బయటపెట్టి "ఎక్కుతారా అమ్మా?" అన్నాడు.

"మాకు బస్సుంది బాబూ" అంది మాణిక్యాంబ.

ధర్మలింగం కళ్ళు తుడుచుకున్నాడు. చేతి గ్రీజంతా ముఖానికి అంటింది. మర్నాడు పొద్దున్న లంబసింగి మంచులో ఆమె ఆ ముఖాన్ని తలుచుకుని నవ్వుతూనే ఉంది.

మొన్న మళ్ళీ దసరా వచ్చింది. స్టీరింగుకు, టైర్లకు, జాకీకి బొట్లు పెట్టాలి. అంతకు ముందు ధర్మలింగం డబ్బా, కుంచె పట్టుకుని చట్రానికి రంగు వేస్తూ నా దాకా వచ్చాడు.

"ఆగండి" అంది మాణిక్యాంబ. గబగబా వచ్చి తన అరచేతిని నా మీద కప్పింది. ఆయన చుట్టూ రంగు వేసుకుపోయాడు. ఆమె వేళ్ళు, గాజులు ఆకుపచ్చగా అయ్యాయి. నా మీద ఒక్క చుక్క పడలేదు.